పిల్లల భృతికి వడపోత ఎందుకు?

అమెరికాలో పేదరికంలో ఉన్న పిల్లలు 2020లో నూటికి 9.7 మంది. 2021లో 5.2 మంది. 2022లో 12.4 మంది. ప్రభుత్వ సాయాన్ని కూడా ఆదాయంలో కలిపి లెక్కగట్టి అక్కడి సెన్సస్ బ్యూరో ఇచ్చిన అంకెలివి. తల్లిదండ్రులకు ఒక ఏడాది బాధ్యత తెలిసొచ్చి, మరుసటి ఏడాది మళ్లీ బద్ధకం పట్టుకుందని ఎవరైనా అనగలరా? వచ్చి పోయింది ఒక చట్టం. 2021 మార్చిలో చేసిన ఆ చట్టం ఆరేళ్లు నిండని పిల్లలకు ఏడాదికి 3,600 డాలర్లు, అంతకంటే పెద్ద పిల్లలకు 3,000 డాలర్లు పన్ను రాయితీ పేరుతో ఇమ్మంది. అందులో సగం జులై నుంచి డిసెంబర్ దాకా నెలనెలా ఖాతాల్లో పడింది. గడువు పొడిగించాల్సిన సమయానికి సెనేట్‌లో రెండు పక్షాలూ యాభై యాభై. అధికార డెమోక్రాటిక్ పార్టీకే చెందిన జో మాంచిన్ అనే ఒక్క సెనేటర్ కుదరదన్నాడు. అంతటితో ఆగిపోయింది.

కోవిడ్ కాలంలో కుటుంబాలకు పంపిన చెక్కులు కూడా ఆ ఏడాది పేదరికాన్ని తగ్గించాయి, నిజమే. కానీ పిల్లల కోసం ఇచ్చిన ఈ పన్ను రాయితీ ఒక్కటే 2021లో 29 లక్షల మంది పిల్లలను దారిద్ర్య రేఖ పైకి తెచ్చిందని అదే బ్యూరో లెక్క తేల్చింది. అందరూ డబ్బు మొత్తం పెరగడం గురించే మాట్లాడారు. నాకు అంతకంటే పెద్ద విషయంగా కనబడింది ఇంకొకటి. అంతకుముందు 2017లో సవరించిన నిబంధనల ప్రకారం ఏడాదికి 4 లక్షల డాలర్లు సంపాదించే జంటకు ఒక్కో బిడ్డ మీద పూర్తి 2,000 డాలర్ల రాయితీ దక్కేది. దాదాపు మూడో వంతు పిల్లలకు మాత్రం ఆ పూర్తి మొత్తం దక్కేది కాదు. కారణం, వాళ్ల తల్లిదండ్రుల సంపాదన మరీ తక్కువ కావడం! పన్ను కట్టేంత ఆదాయం లేదు కాబట్టి పూర్తి పన్ను రాయితీ కూడా లేదు. పేదరికం ఎంత ఎక్కువైతే సాయం అంత తక్కువ. 2021లో ఆ ఒక్క ఏడాదికి ఈ తలకిందుల నిబంధనను ఎత్తేశారు. 2025లో రాయితీని 2,200 డాలర్లకు పెంచుతూ చేసిన చట్టంలో ఆ నిబంధన మాత్రం భద్రంగా ఉంది.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పిల్లల భృతి, అంటే పిల్లల పోషణకు ప్రభుత్వం ఇంటికి ఇచ్చే డబ్బు, పిల్లలందరికీ ఇవ్వాలి. ఆదాయ పరిమితి వద్దు, షరతులు వద్దు, సర్వేలు వద్దు. నిరుపేదలకు మాత్రమే ఇస్తామని వడపోత పెట్టిన ప్రతి చోటా ముందుగా జారిపోతున్నది ఆ నిరుపేదలే.

నేపథ్యం చాలామందికి తెలిసిందే. రోజుకు 2.15 డాలర్ల లోపు ఖర్చుతో బతుకుతున్న పిల్లలు ప్రపంచంలో 33.3 కోట్ల మంది అని యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు 2023లో కలిసి లెక్కగట్టాయి. జనాభాలో పిల్లలు మూడో వంతు కంటే ఎక్కువ ఉండరు, తీవ్ర పేదరికంలో ఉన్నవాళ్లలో మాత్రం సగం వాళ్లే. పదిహేనేళ్ల లోపు పిల్లల్లో 140 కోట్ల మందికి ఏ రకమైన సామాజిక భద్రతా లేదు. అల్పాదాయ దేశాల్లో పదిమందిలో ఒక్కరికి కూడా పిల్లల భృతి అందడం లేదు. 2030 నాటికి పేదరికాన్ని సగానికి తగ్గిస్తామని ఐక్యరాజ్యసమితిలో సంతకాలు పెట్టిన దేశాలే ఇవన్నీ.

పిల్లలున్న ఇల్లు పేదదైపోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేని కారణం ఒకటుంది. జీతం పనిని చూసి ఇస్తారు గానీ ఇంట్లో ఎంతమంది తినేవాళ్లున్నారో చూసి ఇవ్వరు. పెళ్లికాని కుర్రాడికీ, ముగ్గురు పిల్లల తండ్రికీ ఒకటే కూలి. బిడ్డ పుట్టగానే ఖర్చు పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే తల్లి సంపాదన తగ్గుతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. ఎంత సవ్యంగా నడిచే మార్కెట్ అయినా దీన్ని సరిచేయలేదు, అది దాని పని కూడా కాదు. ముసలితనానికి పెన్షన్, జబ్బుకు బీమా, ఉద్యోగం పోతే నిరుద్యోగ భృతి ఉండాలని ఒప్పుకున్న సమాజాలు బాల్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది మీ సొంత వ్యవహారం అంటున్నాయి. ఈ పిల్లలు పెద్దయ్యాక కట్టే పన్నులతోనే పిల్లల్లేనివాళ్లకూ పెన్షన్ వస్తుందన్న సంగతి అప్పుడెవరికీ గుర్తుండదు.

ఈ వాదనను బ్రిటన్‌లో ఎలినార్ రాత్‌బోన్ 1924లోనే ఒక పుస్తకంగా రాసింది. ఆ తర్వాత పార్లమెంటు సభ్యురాలై, ఇరవై ఏళ్లకు పైగా దాని వెంటే పడింది. చివరికి 1945లో ప్రభుత్వం కుటుంబ భృతి బిల్లు తెచ్చింది. తీరా చూస్తే అందులో డబ్బు తండ్రికి చెందుతుందని రాసి ఉంది! అలా అయితే తన జీవితకాలపు కోరిక అయిన ఈ బిల్లుకే వ్యతిరేకంగా ఓటేస్తానని ఆమె హెచ్చరించింది. సభ ఆమె వైపు నిలిచింది. డబ్బు తల్లికి ఇవ్వాలని బిల్లు మార్చారు. రెండో బిడ్డ నుంచి వారానికి ఐదు షిల్లింగులు. 1946 ఆగస్టులో తల్లులు పోస్టాఫీసుల్లో మొదటి భృతి తీసుకునేసరికి రాత్‌బోన్ లేదు. ఆ జనవరిలోనే చనిపోయింది.

ఇదే గొడవ ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చింది. అప్పటిదాకా బ్రిటన్‌లో పిల్లలున్న మగవాళ్లకు జీతం మీద పన్ను మినహాయింపు ఉండేది. దాన్నీ పాత కుటుంబ భృతినీ కలిపేసి, మొదటి బిడ్డతో సహా అందరికీ, తల్లి చేతికే ఇవ్వాలని మంత్రి బార్బరా కాసిల్ 1975లో చట్టం చేయించింది. మరుసటి ఏడాది ప్రధాని అయిన జేమ్స్ కాలహన్ ఆమెను మంత్రివర్గం నుంచి తప్పించాడు, పథకాన్ని పక్కన పెట్టాడు. మినహాయింపు పోతే మగవాళ్ల చేతికొచ్చే జీతం తగ్గుతుంది, యూనియన్లు ఊరుకోవు అన్నది మంత్రివర్గంలో వినిపించిన భయం. ఇంటికి మొత్తంగా వచ్చే డబ్బు తగ్గదని అక్కడున్న అందరికీ తెలుసు. జేబు మారుతుందన్నదే వాళ్ల టెన్షన్. ఆ మంత్రివర్గ పత్రాలు బయటికి పొక్కాయి. పిల్లల పేదరికం మీద పోరాడే సంస్థను నడుపుతున్న ఫ్రాంక్ ఫీల్డ్ వాటి ఆధారంగా ఒక పత్రికలో వ్యాసం రాసేసరికి ప్రభుత్వం దిగిరాక తప్పలేదు. 1977 నుంచి 1979 మధ్య విడతలుగా పథకం అమల్లోకి వచ్చింది.

జేబు మారితే ఏమవుతుందో తర్వాత ఆర్థికవేత్తలు కొలిచారు. షెల్లీ లుండ్‌బర్గ్, రాబర్ట్ పొలాక్, టెరెన్స్ వేల్స్ 1997లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆ మార్పు తర్వాత బ్రిటిష్ ఇళ్లలో మగవాళ్ల బట్టలతో పోలిస్తే ఆడవాళ్ల, పిల్లల బట్టల మీద ఖర్చు పెరిగింది. ఇల్లూ అదే, చేతులు మారిన డబ్బూ అదే. ఇంటి యజమాని పేరున డబ్బు వేస్తే అందరికీ చేరుతుందని నమ్మే అధికారులు ఈ ఒక్క ఫలితం చదివినా చాలు.

ఇక వడపోత సంగతి. పేద దేశాల్లో ఆదాయ పత్రాలు ఎవరి దగ్గరా ఉండవు. అందుకని ప్రపంచ బ్యాంకు ప్రోత్సాహంతో చాలా దేశాలు ఒక పద్ధతి పట్టుకున్నాయి. ఆదాయం అడగరు, ఇంటిని చూస్తారు. పైకప్పు దేనితో వేశారు, గదులెన్ని, ఫోను ఉందా, పశువులున్నాయా, ఇంటి పెద్ద ఎంతవరకు చదివాడు వంటివన్నీ ఒక సూత్రంలో పెట్టి మార్కులు వేస్తారు. గీతకు కింద ఉంటే పేద, పైన ఉంటే కాదు. వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది. బంగ్లాదేశ్, ఇండోనేషియా, రువాండా, శ్రీలంకల గణాంకాల మీద స్టీఫెన్ కిడ్, ఎమిలీ వైల్డ్ 2011లో దీన్ని పరీక్షించి చూశారు. అట్టడుగు 20 శాతం మందికి సాయం చేరాలని పెట్టుకుంటే, వాళ్లలో 44 నుంచి 55 శాతం మందిని ఆ సూత్రమే వదిలేస్తోంది. ఇందులో లంచం లేదు, అధికారుల నిర్లక్ష్యం లేదు, సర్వేలో తప్పుల్లేవు. అన్నీ సక్రమంగా జరిగినా వచ్చే తప్పు ఇది. దానిపైన మిగతావన్నీ కలుస్తాయి.

పేదరికం ఒకచోట నిలబడేది కాకపోవడం ఇంకో ఇబ్బంది. ఈ ఏడాది గీత పైన ఉన్న కుటుంబం ఒక జబ్బుతోనో, ఒక కరువుతోనో వచ్చే ఏడాదికి కిందపడుతుంది. సర్వే మాత్రం ఐదేళ్లకో పదేళ్లకో ఒకసారి జరుగుతుంది. నాలుగేళ్ల కిందటి రేకుల కప్పును చూసి, ఈ రోజు ఆకలితో ఉన్న బిడ్డకు అర్హత లేదని చెప్పడం ఏ రకం శాస్త్రం? అధికారి వచ్చి చూసిపోయిన నాటికి ఆ బిడ్డ పుట్టి కూడా ఉండదు. బాల్యంలో పోషణకు అసలైన సమయం మొదటి రెండేళ్లు. జాబితా సవరించే లోపే ఆ రెండేళ్లూ అయిపోతాయి.

ధనికులకు కూడా ఇవ్వడం వృథా కాదా అనేవాళ్లు దక్షిణ కొరియాను చూడాలి. అక్కడ 2018 సెప్టెంబర్‌లో ఆరేళ్లలోపు పిల్లలకు నెలకు లక్ష వోన్ల భృతి మొదలుపెట్టారు. పైన ఉన్న 10 శాతం సంపన్నులకు ఇవ్వకూడదని ప్రతిపక్షం పట్టుబట్టి సాధించింది. ఆ పది శాతాన్ని ఏరివేయడానికి మిగతా తొంభై శాతం మంది కూడా ఆస్తి, ఆదాయ వివరాలు సమర్పించాల్సి వచ్చింది. అధికారులకు పని, జనానికి విసుగు, ఖజానాకు ఖర్చు. 2019లో ఆ పరిమితిని ఎత్తేసి అందరికీ ఇచ్చేశారు. జపాన్ కూడా 2024 అక్టోబర్ నుంచి ఆదాయ పరిమితి తీసేసింది. సంపన్నుడికి ఇచ్చిన భృతిని పన్ను రూపంలో వెనక్కి తీసుకోవడానికి ప్రతి ప్రభుత్వానికీ ఒక శాఖ సిద్ధంగా ఉంది. పేదవాడికి చేరని భృతిని వెతికి ఇచ్చే శాఖ ఏ దేశంలో ఉందో ఎవరైనా చెప్పాలి.

దక్షిణాఫ్రికా కథ ఇంకా ఆసక్తికరం. వర్ణవివక్ష పోయాక ఫ్రాన్సీ లుండ్ నాయకత్వంలోని కమిటీ సలహాతో 1998లో అక్కడ పిల్లల భృతి మొదలైంది. ఏడేళ్లలోపు పిల్లలకు నెలకు 100 రాండ్లు. తల్లి అని గానీ తండ్రి అని గానీ రాయకుండా, బిడ్డను ఎవరు సాకుతుంటే వాళ్లకే అన్నారు. బంధువుల ఇళ్లలో, ముఖ్యంగా అమ్మమ్మల దగ్గర పెరిగే పిల్లలు ఎక్కువగా ఉన్న దేశంలో అది తెలివైన నిర్ణయం. మొదట్లో టీకాల రుజువు వంటి షరతులు పెట్టారు. క్లినిక్ అందుబాటులో లేని కుటుంబాలే వాటివల్ల నష్టపోతున్నాయని గుర్తించి కొద్దికాలానికే వదిలేశారు. అర్హత వయసును తొమ్మిదికి, పదకొండుకు, పద్నాలుగుకు, అలా పెంచుకుంటూ పోయి చివరికి పద్దెనిమిదికి చేర్చారు. ఇప్పుడు దాదాపు 1.3 కోట్ల మంది పిల్లలకు అందుతోంది. ఆదాయ పరిమితి ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ ఒంటరి తల్లికి ఆ పరిమితి భృతి మొత్తానికి పది రెట్లు, అంటే వదిలేసేది పైవాళ్లనే. అసలు లోపం వేరే. కనీస తిండికి ఇంత కావాలని ఆ దేశ గణాంక శాఖ చెప్పే మొత్తం కంటే భృతి తక్కువ.

మంగోలియా అయితే ఈ చర్చ మొత్తాన్ని ఒకే దేశంలో ఆడి చూపించింది. 2005లో పేద పిల్లలకే అని మొదలుపెట్టింది. పేదలను గుర్తించడం సరిగా కుదరక 2006లో అందరికీ ఇచ్చింది. గనుల ఆదాయం దానికి ఆధారం. 2010లో ఆపేసింది, 2012లో మళ్లీ తెచ్చింది. 2017లో అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు కోసం వెళ్తే ఆదాయ వడపోత పెట్టమన్నారు. కోవిడ్ రాగానే నెలకు 20,000 తుగ్రిక్‌లు ఉన్న భృతిని లక్షకు పెంచింది. కష్టకాలంలో జనానికి త్వరగా డబ్బు చేర్చాలంటే ఆ దేశానికి పనికొచ్చింది పిల్లల జాబితానే.

అవతలి పక్షం వాదనలు లేకపోలేదు. చేతికి డబ్బిస్తే తాగుడుకు పోతుంది, పనిచేయడం మానేస్తారు, డబ్బు కోసం పిల్లల్ని కంటారు అన్నవి పాతవి. తాగుడు, పొగాకు మీద ఖర్చు పెరిగిందా అని 19 పరిశోధనలను సమీక్షించిన డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా పెరగలేదని తేల్చారు. జాంబియాలో ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు ఏ షరతూ లేకుండా డబ్బిచ్చి చూస్తే కాన్పులు పెరగలేదు. పోలండ్ 2016లో నెలకు 500 జ్లోటీలు ఇచ్చింది జననాలు పెరగాలనే. అవి నిలకడగా పెరగలేదు గానీ పిల్లల పేదరికం తగ్గింది. కొంతమంది ఆడవాళ్లు అక్కడ ఉద్యోగం మానేశారన్నది మాత్రం నిజమే, దానికి మందు శిశు సంరక్షణ కేంద్రాలు. వీటికంటే గట్టి అభ్యంతరం అమెరికాలో వెయ్యిమంది తల్లులతో చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. కొందరికి నెలకు 333 డాలర్లు, మిగతావాళ్లకు 20 డాలర్లు ఇచ్చి నాలుగేళ్ల తర్వాత పరీక్షిస్తే పిల్లల మేధోవికాసంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. దాన్ని దాచాల్సిన పనేమీ లేదు. కానీ బిడ్డకు తిండీ బట్టా ఇవ్వడానికి వాడి పరీక్ష మార్కులు పెరగాలన్న నియమం ఎవరు పెట్టారు? ముసలివాళ్ల పెన్షన్‌కు అలాంటి ఫలితాలు ఎవరూ అడగరు.

పిల్లల భృతికి మాత్రం అడగడానికి కారణం డబ్బు కొరత కాదు, అనుమానం. ఇక్కడ పిల్లల భృతిని దాటి కొంచెం పక్కకు వెళ్లాలి. గత నలభై ఏళ్లలో సంక్షేమ రాజ్యాలన్నీ ఒక కొత్త అలవాటు నేర్చుకున్నాయి. పేదవాడు అబద్ధం చెబుతాడన్న అంచనాతో మొదలుపెట్టి, నిజమని నిరూపించుకునే భారం వాడి మీదే వేయడం. దాని పరాకాష్ఠ నెదర్లాండ్స్‌లో కనబడింది. పిల్లలను డేకేర్‌లో చేర్చే తల్లిదండ్రులకిచ్చే సాయంలో మోసం జరుగుతోందని అక్కడి పన్నుల శాఖ కంప్యూటర్‌తో వేట మొదలుపెట్టింది. దరఖాస్తుదారు డచ్ పౌరుడు కాకపోవడం ఆ కంప్యూటర్ లెక్కలో ఒక ప్రమాద సూచిక. ఒక సంతకం తక్కువైనా, ఒక చిన్న లెక్క తప్పినా, ఏళ్ల తరబడి ఇచ్చిన సాయమంతా, వేల యూరోలు, తిరిగి కట్టమన్నారు. వేలాది కుటుంబాలు అప్పుల్లో మునిగాయి. ఆ కుటుంబాల నుంచి వెయ్యి మందికి పైగా పిల్లలను ప్రభుత్వ సంరక్షణకు తరలించారు. మునుపెన్నడూ లేని అన్యాయం అని 2020 డిసెంబర్‌లో పార్లమెంటు విచారణ కమిటీ అంది. 2021 జనవరి 15న మార్క్ రుట్టే ప్రభుత్వం రాజీనామా చేసింది. మార్చి ఎన్నికల తర్వాత ప్రధాని మళ్లీ ఆయనే, అది వేరే విషయం.

బ్రిటన్ 2017 ఏప్రిల్ నుంచి, మూడో బిడ్డకు పేద కుటుంబాలకిచ్చే అదనపు సాయం లేదు పొమ్మంది. దాని వెనక తర్కం పేదలు ఆలోచించి కనాలని. మినహాయింపు ఒకటి పెట్టారు. మూడో బిడ్డ అత్యాచారం వల్ల పుట్టినదైతే సాయం ఇస్తారు. అందుకోసం ఒక ఫారం తయారు చేశారు. ఒక తల్లి తన బిడ్డకు సాయం కోసం తన మీద జరిగిన అత్యాచారాన్ని ప్రభుత్వ ఫారంలో నమోదు చేయించుకోవాలి. ఇంత చేసీ జననాల సంఖ్య మీద దాని ప్రభావం అతి స్వల్పమని పరిశోధకులు తేల్చారు, పెద్ద కుటుంబాల్లో పిల్లల పేదరికం మాత్రం పెరిగింది. 2026 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి ఎత్తేస్తామని చెప్పింది 2025 నవంబర్ బడ్జెట్‌లో. ఎనిమిదేళ్లకు పైగా పట్టింది.

ఇప్పుడు ఈ అనుమానం ఎవరి మీద ఉండదో చూడండి. ఇంధనాన్ని అసలు ధర కంటే తక్కువకు అమ్మడానికి ప్రభుత్వాలు 2022లో నేరుగా పెట్టిన ఖర్చు 1.3 లక్షల కోట్ల డాలర్లని అంతర్జాతీయ ద్రవ్యనిధే లెక్కగట్టింది. పెట్రోలు ఎంత ఎక్కువ కాలిస్తే సబ్సిడీ అంత ఎక్కువ దక్కుతుంది. ఎవరి బండి పెద్దదైతే వాళ్లకే పెద్ద వాటా. బంకు దగ్గర ఆదాయ ధ్రువీకరణ పత్రం ఎవరూ అడగరు. ఇంటి అప్పు వడ్డీ మీద పన్ను మినహాయింపు తీసుకునేవాడి పైకప్పు చూడటానికి సర్వే బృందం వెళ్లదు. ఉచితాలు దేశాన్ని ముంచుతున్నాయని వాదించేవాళ్లు ఈ ఖాతా ఎప్పుడూ తెరవరు.

అందరికీ ఇచ్చే పథకానికి రాజకీయంగా కూడా బలం ఎక్కువ. వాల్టర్ కోర్పీ, యోకిమ్ పాల్మె 1998లో సంపన్న దేశాలను పోల్చి చూస్తే, పేదలకే ఖచ్చితంగా గురిపెట్టిన దేశాల్లో పేదరికం తగ్గడం తక్కువ, అందరినీ కలుపుకున్న దేశాల్లో ఎక్కువ. మధ్యతరగతి కూడా అందుకునే భృతిలో కోత పెట్టాలంటే ఏ మంత్రికైనా భయం. పేదలు మాత్రమే అందుకునేదైతే మరుసటి బడ్జెట్‌లోనే దానికి మూడుతుంది, అడిగేవాడుండడు.

డబ్బు లేని దేశాలు ఏం చేయాలి? ఆదాయంతో కోయొద్దు, వయసుతో కోయండి. మొదటి ఏడాది పుట్టిన పిల్లలందరికీ మొదలుపెట్టి, వాళ్లు పెరుగుతుంటే పథకాన్నీ వాళ్లతో పాటు పెంచుకుంటూ పోవచ్చు. ఖర్చు ముందే తెలుస్తుంది, ఏటా కొంచెమే పెరుగుతుంది. చూపించాల్సిన పత్రం పుట్టిన తేదీ ఒక్కటే, దానిలో ఎవరూ పేద, ధనిక అని వాదించలేరు. ఆ పత్రం కూడా లేదంటారా, నేపాల్‌లోని కర్ణాలిలో ఐదేళ్లలోపు పిల్లలకు భృతి ప్రకటించగానే జనన నమోదు ఒక్కసారిగా పెరిగింది. దశాబ్దాల ప్రచారంతో కాని పని అది.

డబ్బు ఎక్కడిదన్నదానికి ఇరాన్ ఒకసారి జవాబు చూపించింది. 2010 డిసెంబర్‌లో ఇంధన సబ్సిడీలు భారీగా తగ్గించి, ఆ మిగులును పిల్లలతో సహా మనిషికి నెలకు 4,55,000 రియాల్స్ చొప్పున దాదాపు ప్రతి కుటుంబానికీ పంచింది. అప్పటి మారకం రేటుతో అది సుమారు 45 డాలర్లు. పేదరికం వెంటనే తగ్గింది. కానీ ఆ అంకెను ధరలతో ముడిపెట్టలేదు. పదేళ్లకు పైగా అది 4,55,000 దగ్గరే ఉండిపోయింది, ద్రవ్యోల్బణం దాని విలువను దాదాపు మొత్తం తినేసింది. పథకం రద్దు చేయాల్సిన అవసరం కూడా రాలేదు. పిల్లల భృతికి చట్టం రాసేవాళ్లెవరైనా, ధరల సూచీ పెరిగినప్పుడల్లా భృతి కూడా పెరగాలన్న నిబంధనను అర్హతలు రాయడానికి కేటాయించిన పేజీల్లోనే రాసుకోవచ్చు. ఆ పేజీలు ఎలాగూ ఖాళీగానే ఉండాలి.